భూసార పరీక్షలో అన్నీ ఉన్నాయట, పైరుకు మాత్రం అందట్లేదు

చేనుగట్టు
ఒకే చెక్క, ఒకే విత్తనం, ఒకే రోజు వేసిన ఎరువు. పడమటి సగంలో పైరు ముదురు పచ్చగా ఉంది. తూర్పు సగం పాలిపోయి, ఎదుగూ బొదుగూ లేకుండా నిలబడిపోయింది. రెండు వైపులా విడివిడిగా మట్టి తీసి భూసార పరీక్షకు ఇచ్చాను. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఏమీ లేదు. భాస్వరం మధ్యస్థం, పొటాష్ ఎక్కువ, ఉదజని సూచిక (పీహెచ్) ఒకటే.

తూర్పు వైపు ట్రాక్టర్ మలుపు తిరిగే చోటు, లోడు బండ్లు ఆగే చోటు. గునపం వేస్తే ఖంగుమంటుంది. వాన పడితే నీళ్లు అక్కడే నిలుస్తాయి. పైపాటుగా యూరియా ఇంకో దఫా వేశాను, రంగు రాలేదు. అడిగిన ప్రతివాళ్లూ "ఇంకో బస్తా వెయ్యి" అంటున్నారు. మట్టిలో ఉన్నది పైరు తీసుకోవాలి కదా? నేల గట్టిగా ఉంటే పోషకాలకు ఏమొచ్చింది?

నాగలి_77
ఇంకో బస్తా వెయ్యమన్నవాళ్లలో బస్తాలమ్మేవాళ్లు ఎందరో ముందు లెక్క తీయండి :)

మట్టిపురుగు
ల్యాబులో మీ మట్టిని ఏం చేస్తారో తెలిస్తే సగం అర్థమవుతుంది. నీడన ఆరబెడతారు, దంచుతారు, 2 మిల్లీమీటర్ల జల్లెడ పడతారు. ఆ తర్వాతే ద్రావణం పోసి కొలుస్తారు. అంటే పడమటి మట్టీ తూర్పు మట్టీ జల్లెడ దిగేసరికి ఒకే పొడి. పొలంలో ఆ రెంటి మధ్య ఉన్న తేడా ఏమిటి? పెళ్లలు ఎలా అమరాయి, వాటి నడుమ ఖాళీ ఎంత, ఆ ఖాళీలు ఒకదానితో ఒకటి కలిశాయా లేదా అన్నది. అదంతా జల్లెడ దగ్గరే పోయింది. కాగితం అబద్ధం చెప్పట్లేదు. గోదాములో సరుకు ఎంతుందో చెబుతోంది, దారి సంగతి దానికి తెలియదు.

దారి అంటే ఇదీ. పోషకం వేరుకు మూడు రకాలుగా అందుతుంది. ఒకటి, వేరు తానే పెరుగుతూ వెళ్లి దాన్ని తాకడం. వేర్లు ఆక్రమించే చోటు సాధారణంగా మట్టిలో నూటికి ఒక వంతు కూడా ఉండదు కాబట్టి ఇది కొంచెమే. రెండు, మొక్క నీళ్లు లాగుతున్నప్పుడు ఆ నీటితో పాటు కొట్టుకు రావడం. నైట్రేట్, సల్ఫేట్, కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఇలా వస్తాయి. మూడు, ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికి తేమ పొరల్లో మెల్లగా పాకడం. భాస్వరం, పొటాష్ ప్రధానంగా దీని మీదే ఆధారం. ఇలా పాకడంలో నైట్రేట్ రోజుకు కొన్ని మిల్లీమీటర్లు పోగలదు, పొటాష్ మిల్లీమీటరు అటూ ఇటూ, భాస్వరం మిల్లీమీటరులో పదో వంతు.

ఇప్పుడు ఈ మూడింటికీ మీ తూర్పు చెక్కలో ఏమవుతుందో చూడండి. వేరు దిగదు. నీరు కదలదు. పాకి రాగలిగినంత దగ్గరలో అసలు వేరు లేదు.

కొత్తరైతు
మిల్లీమీటరులో పదో వంతా?? అంటే పైన చల్లిన భాస్వరం ఎరువు డీఏపీ మూడు నెలల పంటలో ఒక సెంటీమీటరు కూడా నడవదన్నమాట!

తూనిక
అంత కూడా కాదు కొత్తరైతు గారూ. రోజుకింత చొప్పున గుణించే లెక్క కాదిది. రెట్టింపు దూరం పాకాలంటే నాలుగు రెట్ల కాలం పడుతుంది. దానికి తోడు భాస్వరం దారిలో ఇనుము, అల్యూమినియం, సున్నం ఏది దొరికితే దానికి అతుక్కుంటుంది.

కొత్తరైతు
మరి ఇన్నేళ్లుగా అందరూ చల్లుతున్నది?

నాగలి_77
తర్వాతి తరాలకు ఆస్తి.

వానపాము
భాస్వరం వేరు దగ్గరకు రాదు, వేరు తానే భాస్వరం దగ్గరకు పోవాలి. అందుకే గట్టి నేలలో ముందు బయటపడేది భాస్వరం లోటే, పరీక్షలో ఉన్నా సరే. సన్నటి వేరు లావు సుమారు 0.1 మిల్లీమీటరు లేదా ఇంకొంచెం ఎక్కువ. వేరు మీది నూగు 0.01 మిల్లీమీటరు చొప్పున ఉంటుంది. వేరుతో కలిసి బతికే శిలీంధ్రాల దారాలు అంతకంటే సన్నం. వేరు కొన తనకంటే ఇరుకైన గట్టి సందులోకి సన్నబడి దూరలేదు, మట్టిని పక్కకు నెట్టుకుంటూ పోవాల్సిందే. నేల ఎదురొత్తిడి 2 మెగాపాస్కల్ దగ్గరికి వస్తే, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 20 కిలోల బరువుకు సమానం, చాలా పంటల వేర్లు ఆగిపోతాయి.

చేనుగట్టు గారూ, ఒక మొక్క పీకకుండా పక్క నుంచి తవ్వి వేరు ఎటు పోయిందో చూశారా?

చేనుగట్టు
చూడలేదు. రేపు తవ్వుతాను.

తూనిక
తవ్వేటప్పుడే ఒక గుండ్రటి డబ్బా మట్టిలోకి దింపి, చెదరకుండా తీసి, పూర్తిగా ఆరబెట్టి తూచండి. గ్రాములను డబ్బా ఘనపరిమాణంతో (ఘన సెంటీమీటర్లలో) భాగిస్తే సాంద్రత వస్తుంది. మట్టి రేణువుల అసలు సాంద్రత సుమారు 2.65. మీ మట్టి 1.3 వస్తే అందులో సగం, 51 శాతం, ఖాళీ అన్నట్టు. 1.6 వస్తే ఖాళీ 40 శాతానికి పడిపోయినట్టు. బంకమట్టిలో 1.4 దాటినప్పటి నుంచే అనుమానించాలి. ఇసుక నేలలో 1.6 మామూలే.

51 నుంచి 40కి తగ్గడం చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ, పోయే ఖాళీలన్నీ పెద్దవే. చక్రం కింద ముందు నలిగేవి అవే, సన్నవి అలాగే ఉంటాయి. గొట్టంలాంటి రంధ్రంలో నీటి పారుదల దాని వ్యాసార్ధం నాలుగో ఘాతం మీద ఆధారపడుతుంది. రంధ్రం సగానికి కుంచించుకుంటే పారే నీరు పదహారో వంతు.

రేగడి_రాజా
అందరూ గట్టిదనం మీద పడ్డారు. మాది దీనికి పూర్తిగా తిరగబడ్డ బాధ. నల్లరేగడి. ఎండకు నెర్రెలు బారితే చేయి దూరుతుంది. ఖాళీలకు కొదవే లేదు. పైన యూరియా చల్లాక ఒక్క పెద్ద వాన పడితే చాలు, పైరుకు అందకుండా కిందికి పోతుంది. గుల్లగా ఉంటే అన్నీ సవ్యంగా జరుగుతాయంటే నేను ఒప్పుకోను.

ఎర్రనేల
మీది కనీసం నెర్రెల గుండా పోతుంది. మాది ఇసుక, ఎక్కడ పోస్తే అక్కడి నుంచే పోతుంది :(

మట్టిపురుగు
రాజా గారి మాటే అసలు చిక్కు. ఖాళీ ఎంత అన్నది ఒక్కటే చాలదు, నీరు పెళ్లల్లోంచి పోతోందా, పెళ్లల పక్క నుంచి పోతోందా అన్నది చూడాలి.

ఇది కొత్తగా కనిపెట్టింది కాదు. ఇంగ్లాండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1870లో కలియబెట్టని నేల చుట్టూ గోడ కట్టి, అడుగున జారే నీటిని పట్టే ఏర్పాటు చేశారు. అక్కడి శాస్త్రజ్ఞులు లాస్, గిల్బర్ట్, వారింగ్టన్ 1882లో ఆ నీటి గురించి రాస్తూ రెండు రకాల పారుదల ఉందన్నారు. వాన పడగానే పెద్ద సందుల గుండా సూటిగా దిగేది ఒకటి, మట్టి నిండాక తాపీగా ఊరేది ఒకటి. రెంటిలో కరిగి ఉన్నవి ఒకేలా లేవు. సూటిగా దిగేది వాన నీటికి దగ్గరగా ఉంటుంది, ఎందుకంటే అది మట్టితో పెద్దగా మాట్లాడకుండానే వెళ్లిపోయింది.

దీన్ని ఎరువుకు అన్వయిస్తే ఒకే వాన రెండు రకాలుగా పనిచేస్తుంది. ఎరువు పైపైన ఉండగానే కుండపోత కురిస్తే సందుల్లో పడి కిందికి పోతుంది. అదే ముందు చిన్న జల్లు పడి, కరిగిన ఎరువు పెళ్లల లోపలికి ఇంకాక పెద్ద వాన వస్తే, ఆ నీరు పెళ్లల పక్క నుంచి దిగిపోతుంది, లోపలిది చాలావరకు లోపలే ఉంటుంది. నెర్రెల నేల దొంగా అవుతుంది, కాపలాదారూ అవుతుంది. ఎరువు ఏ సమయానికి ఎక్కడుందన్నదే తేడా.

రేగడి_రాజా
ఈ చివరి ముక్క బావుంది. అంటే నెర్రెలు తెరుచుకుని ఉన్నప్పుడు చల్లకూడదంటారు.

మట్టిపురుగు
అవును. చిన్న తడి ఇస్తే నేల ఉబ్బి నెర్రెలు కొంత మూసుకుంటాయి. అప్పుడు వేసి మట్టితో కప్పండి. పైపైన అంతరకృషి చేసినా నెర్రెల మూతి మూసుకుంటుంది.

పాతదుక్కి
యూరియా, అమ్మోనియా, నైట్రేట్ అన్నీ ఒకే గాటన కట్టేస్తున్నారు. యూరియా కరిగిన కొత్తలో దానికి ఏ విద్యుదావేశమూ లేదు, మట్టి దాన్ని పెద్దగా పట్టుకోదు, నీటితో పోతుంది. కొద్ది రోజుల్లో అమ్మోనియంగా మారుతుంది, అప్పుడు బంకమట్టి పట్టుకుంటుంది. తర్వాత కొన్ని వారాల్లో సూక్ష్మజీవులు దాన్ని నైట్రేట్ చేస్తాయి, మళ్లీ విడుదల. బంకమట్టిది రుణావేశం, నైట్రేట్‌దీ రుణావేశం. పట్టుకోవడం అటుంచి నెట్టేస్తుంది.

1850లో అచ్చయిన ఒక పాత ప్రయోగం ఉంది. థాంప్సన్ అనే ఆయన అమ్మోనియం సల్ఫేట్ ద్రావణాన్ని మట్టి గుండా పోస్తే అడుగున కాల్షియం సల్ఫేట్, అంటే జిప్సం దిగింది. అమ్మోనియంను మట్టి ఉంచుకుని బదులుగా కాల్షియంను వదిలింది. అదే ఏడాది వే అనే రసాయన శాస్త్రజ్ఞుడు దీన్ని లోతుగా పరీక్షించాడు.

కొత్తరైతు
మరి నైట్రేట్‌ను నేలలో నిలబెట్టేది ఏదీ లేదా?

ఎర్రనేల
మా నేలలో అయితే దేవుడే.

పాతదుక్కి
మొక్క వేరు పీల్చుకునే నిలబెట్టాలి. లేదంటే నీరు కదలకుండా ఉండాలి. ఇసుక నేల తేమ పట్టే శక్తి నూటికి 20 పాళ్లు అనుకోండి. నేల అప్పటికే నిండి ఉంటే, అదనంగా దిగిన ప్రతి మిల్లీమీటరు నీరూ నైట్రేట్‌ను 5 మిల్లీమీటర్ల లోతుకు నెడుతుంది. 50 మిల్లీమీటర్ల నీరు అదనంగా దిగితే పాతిక సెంటీమీటర్లు. బంకనేల 40 పాళ్లు పట్టిందనుకుంటే అదే నీటికి అందులో సగం దూరమే. ఇది నీరు అంతటా సమంగా దిగినప్పటి లెక్క. రాజా గారి నెర్రెలకు వర్తించదు.

డ్రిప్_బాబు
ఇసుక నేలకు దఫాలు పెంచడమే దారి. ఎర్రనేల గారూ, డ్రిప్ ఉంటే ఎరువును మొదట వదలకండి, చివరా వదలకండి. ముందు కాసేపు వట్టి నీరు, మధ్యలో ఎరువు, ఆఖరున గొట్టాలు కడిగేంత నీరు. చాలామంది ఎరువు వదిలి మోటారు ఆపడం మర్చిపోతారు. నైట్రేట్ ఎప్పుడూ తడి అంచుకు చేరుతుంది, తడిని వేరు దాటించి నడిపారంటే ఎరువునూ దాటించినట్టే.

తడి ఆకారం కూడా నేలను బట్టే. ఇసుకలో సన్నగా లోతుకు దిగుతుంది. బంకలో వెడల్పుగా పరుచుకుంటుంది. కింద గట్టి పొర ఉంటే పళ్లెంలా పక్కలకు పోయి, రెండు మొక్కల మధ్య ఎవరికీ పనికిరాని చోట ఎరువు చేరుతుంది.

ఎర్రనేల
మోటారు వేసి మర్చిపోవడం గురించి నా పేరు పెట్టి చెప్పనవసరం లేదు, అందరికీ తెలుసు.

నాగలి_77
చేనుగట్టు గారికి ఇంత చర్చ దేనికి? జిప్సం చల్లి దున్నేస్తే గట్టి నేల గుల్లబారుతుంది. అందరూ చేసేదే.

తూనిక
అందరూ చేసేదే, సగం మందికి పనిచేయనిదే. జిప్సం పనిచేసేది సోడియం ఎక్కువైన చౌడు నేలలో. సోడియం పట్టిన బంక రేణువులు తడవగానే ఒకదాన్నొకటి వదిలేసి, నీటిలో తేలి, సందులన్నీ పూడ్చేస్తాయి. జిప్సంలోని కాల్షియం ఆ సోడియంను తోసేసి రేణువులను మళ్లీ దగ్గరకు చేరుస్తుంది. రేణువులు పట్టుకున్న మొత్తం అయాన్లలో సోడియం వాటా 15 శాతం దాటితే చౌడుగా లెక్కగట్టడం పరిపాటి. ట్రాక్టర్ తొక్కి గట్టిపడిన నేలలో సోడియం ఎక్కువ లేకపోతే జిప్సం కాల్షియం, గంధకం ఇస్తుందంతే, అదిమిన మట్టిని లేపదు.

నాగలి_77
ఒక్క మాటలో తేల్చేశారు. ఏది చౌడో ఏది తొక్కుడో మామూలు మనిషికి ఎలా తెలుస్తుంది మరి?

తూనిక
గాజు గ్లాసుతో. ఎండిన మట్టి పెళ్ల, గోళీకాయంత, కలపకుండా కదపకుండా వాన నీటిలో వేయండి. పెళ్ల విరిగి చిన్న పలుకులుగా రాలి, నీరు తేటగా ఉంటే కట్టు బలహీనం, సేంద్రియ పదార్థం తక్కువ. పెళ్ల చుట్టూ పాలపొంగులా తెల్లటి మసక పుట్టి అది కాసేపట్లో నీటంతా పరుచుకుంటే సోడియం ఉందని అనుమానించాలి. 1967లో ఎమర్సన్ అనే మట్టి శాస్త్రజ్ఞుడు పద్ధతిగా రాసిన పరీక్షకు ఇది ఇంటి రూపం. బోరు నీళ్లు వాడకండి. అందులో ఉప్పులుంటే మసక పుట్టకుండా ఆపేస్తాయి.

చేనుగట్టు
తవ్వాను, గ్లాసు పరీక్షా చేశాను. ఒకదాని తర్వాత ఒకటి చెబుతాను.

గ్లాసులో పడమటి పెళ్ల నీటి బుడగలు వదిలి, అంచులు కాస్త రాలి, అలాగే కూర్చుంది. తూర్పు పెళ్ల వేసిన క్షణమే పగుళ్లిచ్చి, చూస్తుండగానే కుప్పగా కూలిపోయింది. నీరు మాత్రం తేటగానే ఉంది. రాత్రంతా వదిలేసినా మసక రాలేదు.

గుంత సంగతి. పడమట మట్టి చేతితో విరిస్తే గుండ్రటి పలుకులుగా విడిపోయింది, ప్రతి పలుకు మీదా సన్న వేళ్లు. తూర్పున పైన నాలుగు వేళ్ల మందం పర్వాలేదు. దాని కింద రేకులు రేకులుగా, అడ్డంగా పేర్చినట్టు గట్టి పొర. తల్లివేరు దాని మీదికి వచ్చి మోకాలు మడిచినట్టు పక్కకు తిరిగింది. పొర పైభాగం మట్టి నీలి బూడిద రంగులో ఉంది, మధ్యలో తుప్పు మచ్చలు. ముక్కు దగ్గర పెట్టుకుంటే మురుగు వాసన. పొర కింది మట్టి మాత్రం పొడిగా, మామూలు రంగులో.

వానపాము
ఆ బూడిద రంగు, తుప్పు మచ్చలే యూరియాకు ఏమైందో చెప్పేశాయి.

మట్టిపురుగు
అదే. నీరు నిలిచినచోట గాలి ఉండదు, ఆ రంగులు దానికే గుర్తు. ఆక్సిజన్ గాలిలో పాకేదానికంటే నీటిలో సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా పాకుతుంది. ఖాళీల్లో 60 శాతం పైన నీరు నిండిందంటే కొన్ని సూక్ష్మజీవులు ఆక్సిజన్‌కు బదులు నైట్రేట్‌ను వాడుకోవడం ఎక్కువవుతుంది. నత్రజని వాయువుగా గాలిలో కలుస్తుంది. మీ రెండో దఫాలో నైట్రేట్‌గా మారిన భాగం కిందికి పోలేదు, పైకి పోయి ఉంటుంది.

ఇంకొకటి. పోషకాన్ని లోపలికి తీసుకోవడం వేరుకు శ్రమ. ఊపిరాడని వేరు ఆ శ్రమ చేయలేదు. పొటాష్ "ఎక్కువ" ఉన్నా ఆకు అంచు ఎండుతుంటే ఆశ్చర్యపోకండి.

నాగలి_77
సరే, జిప్సం వద్దు. గట్టి పొరను లోతుగా చీల్చే ఉలినాగలి తోలితే?

పాతదుక్కి
తోలొచ్చు, నేల ఆరినప్పుడే. పొర పొడిగా ఉంటే పెళ్లున పగులుతుంది. తేమలో తోలితే కత్తి గీత పడుతుంది, పక్కల మట్టి ఇంకా మెత్తుకుపోతుంది. లోతు ఎంతో గుంతలో చూసి పొర అడుగుకు కొంచెం కిందగా పెట్టాలి. ఊరికే లోతుకు వేస్తే డీజిల్ దండగ.

తూనిక
తోలిన తర్వాత దాని మీద మళ్లీ బండి తిప్పితే వారం కూడా అక్కరలేదు, మామూలే. చక్రం వల్ల పడే నష్టంలో పెద్ద వాటా మొదటిసారి తొక్కినప్పుడే పడుతుంది. కాబట్టి బండ్లకు ఒకే దారి కేటాయించి, మిగతా నేలను ముట్టుకోకపోవడం మేలు.

వానపాము
నాగలి ఇనుము పగలగొడుతుంది, నిలబెట్టేది మొక్క వేరు. దున్నిన సందులోకి వెంటనే లోతు వేరు పంట దించాలి. వేర్లు చచ్చాక మిగిలే గొట్టాల్లాంటి దారులు తర్వాతి పంటకు రోడ్లు. మట్టిని పలుకులుగా కట్టేదీ ఆ వేళ్లూ, శిలీంధ్ర దారాలూ, చివికిన పదార్థమే. పావు మిల్లీమీటరు కంటే పెద్ద పలుకులను పట్టి ఉంచేది ముఖ్యంగా వేళ్లూ దారాలే. అందుకే దున్నుడు ఎక్కువైతే ముందు విరిగేవీ అవే. చిన్నవి గట్టివి, తేలిగ్గా చెదరవు. టిస్‌డాల్, ఓడ్స్ అనే మట్టి శాస్త్రజ్ఞులు 1982లో పెట్టిన లెక్క ఇది.

వానపాముల బొరియల సంగతి చెప్పనక్కర్లేదు. నిలువునా దిగే దారులు, గోడలకు పోషకాల పూత.

నాగలి_77
వానపాము వానపాముల్ని పొగడటం సొంత డబ్బా కిందికి వస్తుంది.

రేగడి_రాజా
పైగా ఆ బొరియల్లోంచే ఎరువు కూడా జారిపోతుంది కదా? నెర్రె తప్పు, బొరియ ఒప్పు ఎలా అయింది?

వానపాము
జారుతుంది, కాదనను. పేడ నీళ్లు ఎక్కువగా పారించిన పొలాల్లో బొరియల గుండా, నేల అడుగున వేసిన మురుగు కాలువల్లోకి పోవడం చూసినవాళ్లున్నారు. మరి బొరియ లేకపోతే అదే నీరు పైమీదుగా పారి మట్టితో సహా భాస్వరాన్ని ఎత్తుకుపోతుంది. ఏ నష్టం చిన్నదో చూసుకోవాలి.

పాతదుక్కి
ఇక్కడ నేనొక అపశ్రుతి పలుకుతాను. కొంచెం అదుముడు మంచిదే. మరీ గుల్లగా ఉన్న నేలలో రేణువుల మధ్య తేమ పొరలు తెగిపోయి ఉంటాయి, వేరు మట్టికి ఆని ఉండదు. పోషకం పాకడానికి తేమదారి కావాలి, గాలిలో పాకలేదు. విత్తే యంత్రం వెనక విత్తనం మీద మట్టిని నొక్కే చక్రం ఉండేది అందుకే. కొద్దిగా అదిమిన నేలలో భాస్వరం, పొటాష్ పాకే వేగం పెరుగుతుంది కూడా. వేరు పొడవు తగ్గనంత వరకు లాభం, తగ్గడం మొదలయ్యాక నష్టం.

కొత్తరైతు
రోటవేటర్‌తో పిండిలా చేస్తే గొప్పనుకునేవాణ్ణి.

పాతదుక్కి
పిండి చేస్తే మొదటి వానకే పైన అట్ట కడుతుంది. ఆ అట్ట మీద నీరు ఇంకదు, పారుతుంది. అడుగున బ్లేడు తిరిగిన లోతులో మళ్లీ ఒక నున్నటి పొర. పైనా కిందా మూతలే.

మడిగట్టు
ఇంతసేపూ మౌనంగా చదివాను. వరి వాళ్లం మీరు వద్దన్నదే పని గట్టుకుని చేస్తాం. దమ్ము చేయడమంటే నేల కట్టును తడిలో చంపడమే. పలుకులు నలిగి, పెద్ద ఖాళీలు పోయి, కింద గట్టి పొర పడుతుంది, నీళ్లు ఇంకవు. మాకు కావలసిందీ అదే. నిలిచిన నీటిలో అమ్మోనియం అమ్మోనియంగానే ఉంటుంది, అందుకే యూరియాను బురద లోపల పెట్టమంటారు. నైట్రేట్ రూపంలో వేస్తే గాలిలో దీపమే. ఆక్సిజన్ లేక ఇనుము రూపు మారుతుంది, దానికి అతుక్కున్న భాస్వరం కొంత విడుదలవుతుంది. గట్టి నేల ఒకరికి శత్రువు, ఒకరికి చుట్టం.

రేగడి_రాజా
మరి వరి తర్వాత వేసే పంట మాటేమిటి?

మడిగట్టు
అక్కడే తిప్పలు. నీరు తీసేసి ఆరగానే ఆ మట్టి ఇటుకరాయి. తర్వాతి పంట వేరు పై పొరలోనే తచ్చాడుతుంది. చేనుగట్టు గారి తూర్పు చెక్క కథే మా రెండో పంట కథ.

రేగడి_రాజా
మట్టిపురుగు గారి మాట మీద నమ్మకం కుదరక నేనూ ఒకటి చేశాను. నెర్రెలున్న చోట చిన్న మడి కట్టి నీలం రంగు నీళ్లు పోశాను. నల్ల మట్టిలో నీలం ఏం కనిపిస్తుంది, నా మొహం! మళ్లీ ఇంకోచోట తెల్ల పెయింటు బాగా పల్చగా కలిపి పోసి, ఇంకాక పారతో నిలువునా కోశాను.

పైన రెండు వేళ్ల మందం వరకు తెలుపు అంతటా ఉంది. అక్కడి నుంచి కిందికి గీతలే. పెళ్ల ముఖాలకు సున్నం వేసినట్టు తెలుపు అంటింది, ఆ పెళ్లను విరిస్తే లోపల చుక్క లేదు, నల్లగా పొడిగా ఉంది. మోకాలి లోతు గుంత అడుగున కూడా తెల్ల గీత ఉంది. పక్కనే జానెడు దూరంలో పెళ్లకు తడే తగల్లేదు.

మట్టిపురుగు
రెండు మాటలు కలపండి. తెలుపు అంటిన ముఖాల మీదే వేళ్లు కూడా పోతున్నాయేమో చూడండి. అక్కడ నైట్రేట్ వచ్చిపోతుంది. పెళ్ల నడుమ ఉన్న భాస్వరం, పొటాష్ మాత్రం పాకుతూ ముఖం దాకా రావాలి. గుప్పెడంత పెళ్ల నడిమధ్య నుంచి భాస్వరం ఒక పంటకాలంలో బయటకు రాదు. అదే పెళ్ల సెనగగింజంత పలుకులుగా విడిపోతే వస్తుంది. పరీక్ష కాగితంలో రెంటికీ ఒకే అంకె.

ఒక తిరకాసు కూడా ఉంది. పైరు పచ్చగా ఉన్న నేలలో కూడా పెద్ద పెళ్ల నడుమ ఆక్సిజన్ అందక నత్రజని వాయువైపోతుంటుంది. పైకి నేల ఆరినట్టే కనిపిస్తుంది.

రేగడి_రాజా
వేళ్లు ముఖాల మీదే అల్లుకున్నాయి, చదునుగా, నొక్కేసినట్టు. ఇప్పుడే చూసి వస్తున్నా.

చేనుగట్టు
అయితే నేను చేసేది ఇది. ఈ పంటకు తూర్పు చెక్కలో ఇక నత్రజని వేయను, నిలిచిన నీరు పోయేలా చిన్న కాలువ తీస్తాను. కోత అయ్యాక నేల బాగా ఆరనిచ్చి ఉలినాగలి, వెనకే జనుము. బండ్లకు గట్టు వెంబడి దారి. ఆకుల మీద పిచికారీ ఇప్పుడు పనికొస్తుందా?

పాతదుక్కి
నీరు పోయి కొత్త వేర్లు వచ్చేదాకా నెట్టుకురావడానికి పలచటి యూరియా పిచికారీ పనికొస్తుంది. అది ఊతం, తిండి కాదు. భాస్వరం కొరతను ఆకుల మీద నుంచి తీర్చాలనుకోకండి.

కొత్తరైతు
డీఏపీ నడవదు కాబట్టి విత్తనానికి ఎంత దగ్గరలో వేయాలి?

తూనిక
విత్తనానికి 5 సెంటీమీటర్లు పక్కగా, 5 సెంటీమీటర్లు కిందగా వేయడం వాడుకలో ఉన్న కొలత. ఆనించి వేస్తే మొలక మాడుతుంది. డీఏపీ నుంచి అమ్మోనియా కూడా వస్తుంది, అదీ చూసుకోవాలి. నడవని దాన్ని వరసగా పెట్టడమే నయం, అంతటా చల్లితే నేలకు అతుక్కునే భాగం పెరుగుతుంది.

నాగలి_77
జనుము ఎంత ఎత్తు వచ్చాక కలియదున్నాలి?

వానపాము
పూత మొదలయ్యే దశలో. ముదిరితే కాండం పీచుగా మారి, అది కుళ్లడానికి సూక్ష్మజీవులు నేలలో నత్రజనిని కొన్నాళ్లు వాడేసుకుంటాయి. మీకైతే వేర్ల పని ముఖ్యం కాబట్టి మరీ లేతగా ఉన్నప్పుడు తొందరపడకండి.

తూనిక
చేనుగట్టు గారూ, ఈసారి పరీక్షకు ఇచ్చేటప్పుడు 0 నుంచి 15 సెంటీమీటర్లు ఒక సంచి, 15 నుంచి 30 ఇంకో సంచి తీయండి. గట్టి పొర పైన భాస్వరం పేరుకుని కింద ఖాళీగా ఉంటే ఆ రెండు సంచుల్లో తేడా కనిపిస్తుంది. రెంటినీ కలిపేసి ఇస్తే సగటు వస్తుంది.

చేనుగట్టు
సంచుల మీద ఏది ఏ లోతో రాసి ఇస్తాను. పోయినసారి అందరి సంచులూ కలిపి ఒక మూల పడేశారు, చూశాను.